మొదటి కాన్పు మిడ్‌వైఫ్‌ల బర్త్ సెంటర్‌లో పెట్టుకోవచ్చా? గది కంటే ముందు దారి చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: మొదటి కాన్పు, ఇప్పుడు 24వ వారం, మే ఆఖర్లో గడువు. బెంగళూరు నుంచి పురిటికి గుంటూరు పట్టాభిపురంలో పుట్టింటికి వస్తున్నారు. విజయవాడలో మిడ్‌వైఫ్‌లు, అంటే సొంతంగా కాన్పులు చేసే శిక్షణ ఉన్న నర్సులు, నడిపే సెంటర్ ఒకటి చూసుకున్నారు, నచ్చింది. నొప్పులు వాటంతటవే రావాలి, అవసరం లేని సెలైన్లు, కోతలు, కుట్లు వద్దు. అత్తగారేమో "డాక్టర్ లేనిచోట మొదటి కాన్పేమిటి?" అని కంగారు పడుతున్నారు. హీమోగ్లోబిన్ 9.8 అని చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారు.

సూటిగా చెబుతాను. పెట్టుకోవచ్చు. కాకపోతే చివరిదాకా ఏ చిక్కూ రాకూడదు, ఆ 9.8 కాస్తా 11కి ఎక్కాలి, ఆ సెంటర్ వాళ్లు ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రితో ముందే మాట్లాడి పెట్టుకుని ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా, ఆసుపత్రి లోపలే ఉండే మిడ్‌వైఫ్ యూనిట్‌కి గానీ, నొప్పుల్లో ఓపిక పట్టే డాక్టరమ్మ దగ్గరికి గానీ వెళ్లమంటాను. మొదటి కాన్పుకి అసలు నా ఓటు ఆసుపత్రిని ఆనుకుని ఉన్న యూనిట్‌కే. ఎందుకో కింద చెబుతాను.

నేను పదహారేళ్లు గుంటూరు, విజయవాడ లేబర్ రూముల్లో స్టాఫ్ నర్సుగా చేశాను. ఆ తర్వాత పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకుని, ఇప్పుడు ఒక ఆసుపత్రి పక్కనే ఉన్న మిడ్‌వైఫ్ యూనిట్‌లో ఉన్నాను. రెండు వైపులా చూశాను కాబట్టే ఇంత రాస్తున్నాను.

మీ కోరిక గొంతెమ్మ కోరికేం కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. ఏ జనాభాలోనైనా నిజంగా అవసరమయ్యేది నూటికి 10, 15 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985 నుంచీ చెబుతోంది. ఈ తేడా అంతా మన ఆడపిల్లల ఒంట్లో లోపం వల్ల వచ్చింది కాదు.

ఎలా వస్తుందో నా చేతుల మీదుగా చూశాను. నేను మొదట్లో పనిచేసిన ఒక నర్సింగ్ హోమ్‌లో రోజూ జరిగేది ఇదే. అమ్మాయి తెల్లవారుజామున సన్నటి నొప్పులతో వచ్చేది. చూస్తే గర్భసంచి ముఖద్వారం ఒక వేలు, మహా అయితే రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుని ఉండేది. ఇంటికి పంపితే ఇంకో ఆసుపత్రికి పోతారేమోనని అప్పుడే చేర్చుకునేవాళ్లం. చేర్చుకున్నాక ఊరికే ఉంచలేం కదా, నొప్పుల సెలైన్ ఎక్కించేవాళ్లం. సెలైన్ ఉంది కాబట్టి మంచం దిగకూడదు. ఆపరేషన్ పడుతుందేమోనని తిండి పెట్టం. వెల్లకిలా పడుకుని, కడుపులో ఏమీ లేక, అమ్మ బయట వరండాలో ఉండగా, ఆ పిల్ల ఒక్కతే ఆ నొప్పులు పడేది. సాయంత్రానికి "ఇంకా నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఉంది, ప్రోగ్రెస్ లేదు" అని థియేటర్‌కి. అలా కాకుండా కాన్పు దాకా వస్తే, పైనుంచి పొట్ట మీద నొక్కేవాళ్లం. నేనూ నొక్కాను. అది చేయకూడని పని అని తర్వాత చదువుకున్నాక తెలిసింది. ఆ అమ్మాయిల ముఖాలు కొన్ని నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

నొప్పులు మొదలైన దగ్గర్నుంచి గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పక్కన పెట్టింది. అసలైన నొప్పులు అయిదు సెంటీమీటర్ల నుంచి లెక్క అని చెప్పింది. అంతకుముందు గడిచేది ఒక రాత్రి కావచ్చు, ఒకటిన్నర రోజు కావచ్చు. ఆ టైము మీరు ఇంట్లో గడపాలి. రాగిజావ తాగుతూ, వీలైతే కాసేపు కునుకు తీస్తూ. మంచి సెంటర్ చేసే సగం మేలు ఇక్కడే ఉంది. "ఇంకా టైముంది, ఇంట్లోనే ఉండండి, రెండు గంటలాగి ఫోన్ చేయండి" అని చెప్పే మనిషి, ఆ ఫోన్ అర్ధరాత్రయినా ఎత్తే మనిషి ఉండాలి.

ఇక మీ 9.8 సంగతి. మిగతా అన్నిటికంటే ముందు దీని పని పట్టండి. కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. ఒంట్లో రక్తం బాగా ఉన్న మనిషి అర లీటరు పోయినా తట్టుకుని లేచి కూర్చుని బిడ్డకి పాలిస్తుంది. రక్తం తక్కువున్న మనిషికి అదే అర లీటరుకు కళ్లు తిరుగుతాయి, బీపీ పడిపోతుంది. సెంటర్‌లో రక్తం ఎక్కించే వీలుండదు. అందుకే నిక్కచ్చిగా పనిచేసే సెంటర్ ఏదీ తక్కువ హీమోగ్లోబిన్‌తో తీసుకోదు. తీసుకుంటామంటే అనుమానించండి.

ఐరన్ మాత్ర వేసుకుంటున్నానని రాశారు. ఎలా వేసుకుంటున్నారన్నదే నా ప్రశ్న. మన దగ్గర చాలామంది టిఫిన్ అయ్యాక కాఫీ తాగి, ఐరన్, కాల్షియం రెండూ కలిపి ఒకే గుక్కలో మింగేస్తారు. కాల్షియం, కాఫీ, టీ, పాలు అన్నీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. ఐరన్‌కీ వాటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. ఇక గుంటూరు వచ్చాక ఇంట్లో అందరూ గోంగూర తిను, రక్తం పడుతుంది అంటారు. తినండి, కానీ 9.8ని 11కి తీసుకెళ్లే పని గోంగూర ఒక్కదాని వల్ల కాదు. నాలుగు వారాలకి మళ్లీ పరీక్ష చేయించండి. ఒక పాయింటైనా పెరగకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి మీ డాక్టర్‌ని అడగండి. 30 వారాలు దాటాక మాత్రల మీదే కూర్చుంటే టైము చాలదు.

పనిలో పనిగా షుగర్ పరీక్ష కూడా ఇప్పుడే. 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి రక్తం తీస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే షుగర్ ఉన్నట్టు. తిండితో అదుపులో ఉంటే కొన్ని సెంటర్లు తీసుకుంటాయి, ఇన్సులిన్ దాకా వెళితే ఆసుపత్రే.

మిగతా షరతులు త్వరగా చెప్పేస్తాను. ఒక్క బిడ్డే అయి ఉండాలి, తల కిందికి ఉండాలి, మాయ కిందకి దిగి ఉండకూడదు, బీపీ మామూలుగా ఉండాలి, బిడ్డ ఎదుగుదల బాగుండాలి, నొప్పులు 37 వారాలు నిండాక రావాలి. ఎదురుకాళ్లు, కవలలు, ముందు సిజేరియన్ అయినవాళ్లు ఆసుపత్రిలోనే కనాలి. స్కానింగ్‌లో "మెడకు పేగు చుట్టుకుంది" అని రాస్తే మాత్రం బెంబేలెత్తకండి. చాలామంది బిడ్డలు అలాగే పుడతారు, పుట్టగానే మేం వేలితో తప్పిస్తాం. ఆ ఒక్క మాట మీద సిజేరియన్‌కి ఒప్పుకున్నవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను.

ఇప్పుడు సెంటర్ సంగతి. గోడల రంగులు, నీటి తొట్టి, మంద్రంగా వెలిగే దీపాలు చూసి మురిసిపోయి వస్తారు. అవి ఉంటే సంతోషమే. కానీ నేను మీ అక్కనైతే మీతోపాటు వెళ్లి ఈ సంగతులు అడుగుతాను.

రాత్రి రెండు గంటలకి నా పక్కన ఎవరుంటారు? మన దేశంలో జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) చదివిన ప్రతి నర్సూ కాగితం మీద రిజిస్టర్డ్ మిడ్‌వైఫే. నేనూ పదహారేళ్లు అలా కాగితం మీద మిడ్‌వైఫ్‌నే. సొంతంగా కాన్పు నడిపే శిక్షణ వేరే. కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు తెచ్చి, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని పద్దెనిమిది నెలల కోర్సు పెట్టింది. అంతకుముందే హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి సొంతంగా మిడ్‌వైఫ్‌లను తయారు చేసుకుంది. మీ సెంటర్‌లో ఉన్నవాళ్లు ఎక్కడ, ఎన్నాళ్లు నేర్చుకున్నారు, ఎన్ని కాన్పులు చేశారో మొహమాటపడకుండా అడగండి. అసలైన నొప్పుల్లో ఒక తల్లికి ఒక మిడ్‌వైఫ్ ఉండాలి. రెండు రోజులు వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు.

కిందటి ఏడాది మొదటి కాన్పుల్లో ఎంతమందిని ఆసుపత్రికి షిఫ్ట్ చేశారు? అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇది. ఇంగ్లండ్‌లో 64 వేలమంది తల్లులను గమనించి 2011లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. విడిగా ఉన్న మిడ్‌వైఫ్ సెంటర్లలో మొదలుపెట్టిన మొదటి కాన్పు తల్లుల్లో నూటికి 36 మందిని షిఫ్ట్ చేయాల్సి వచ్చింది. రెండో కాన్పు, ఆ పైవాళ్లలో నూటికి 9. బిడ్డల క్షేమంలో మాత్రం ఆసుపత్రికీ ఆ సెంటర్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే షిఫ్ట్ కావడం ఓటమి కాదు, ఆ పద్ధతి క్షేమంగా సాగేదే దానివల్ల. ఎవరైనా "మా దగ్గర్నుంచి ఎవర్నీ పంపలేదండీ" అన్నారంటే, అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. పంపాల్సినవాళ్లను పంపకుండా కూర్చోబెట్టారన్నమాట.

ఇంకో సంగతి. అక్కడి అంబులెన్సులు, అక్కడి ఏర్పాట్లు వేరు. ఆ లెక్క మనకి యథాతథంగా అతకదు. అందుకే మొదటి కాన్పుకి థియేటర్ అదే ఆవరణలో ఉంటే మేలంటున్నాను. కేంద్రం మార్గదర్శకాల్లో కూడా మిడ్‌వైఫ్ యూనిట్లను కాన్పులు ఎక్కువగా జరిగే ఆసుపత్రుల్లోనే పెట్టమన్నారు.

షిఫ్ట్ చేస్తే ఏ ఆసుపత్రికి, ఏ డాక్టర్ దగ్గరికి, ఏ బండిలో? "పక్కనే చాలా ఆసుపత్రులున్నాయి" అన్నది జవాబు కాదు. ఆసుపత్రి పేరు, డాక్టర్ పేరు చెప్పాలి. ఆ డాక్టర్ మిమ్మల్ని 34వ వారంలోపు ఒకసారి చూసి ఉండాలి, మీ ఫైలు నకలు అక్కడ ఉండాలి. తర్వాత ఒక పని చేయండి. సెంటర్ నుంచి ఆ ఆసుపత్రికి సాయంత్రం ఆరింటికి కారులో వెళ్లి చూడండి. మధ్యలో బెంజ్ సర్కిల్ తగిలితే గడియారం చూసుకోండి. ఇరవై నిమిషాలు దాటితే నేనైతే ఒప్పుకోను.

ఫ్రిజ్ తలుపు తీసి చూపించమనండి. వింతగా ఉంటుంది, అయినా అడగండి. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల విజయవాడలో కరెంటు పోయి, ఆ ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ లేకపోతే ఆ మందు వేసినా ఒకటే, మానినా ఒకటే. అలాగే పసిబిడ్డకి ఊపిరి అందించే చిన్న అంబు బ్యాగు, మాస్కు ఎక్కడున్నాయో చూపించమనండి. అది బీరువాలో తాళం వేసి కాదు, కాన్పు జరిగే మంచం పక్కనే చేతికందేలా ఉండాలి.

ఆక్సిటోసిన్ అన్నాను కాబట్టి ఒక మాట. "సూదులేవీ వద్దు" అని రాశారు. బిడ్డ పుట్టిన నిమిషంలో తొడకి వేసే ఆ పది యూనిట్ల సూది మాత్రం వద్దనకండి. నొప్పులు తెప్పించడానికి ఎక్కించే సెలైన్ వేరు, ఇది వేరు. మందు ఒకటే, పని వేరు. నొప్పులన్నీ సొంతంగా పడి, కోత లేకుండా కన్న తల్లికి కూడా మాయ పడ్డాక గర్భసంచి బిగుసుకోకపోతే నిమిషాల్లో రక్తం కుండపోతగా పోతుంది. రక్తం తక్కువున్న మీకు ఇది మరీ అవసరం. బిడ్డకి వేసే విటమిన్ కె సూది కూడా అంతే. మిగతావాటిని మీరు ధైర్యంగా ప్రశ్నించవచ్చు. ఊరికే ఎక్కించే సెలైన్, ఎనిమా, షేవింగ్, వెల్లకిలా పడుకోమనడం, అందరికీ పెట్టే కోత, పుట్టగానే బొడ్డుతాడు కత్తిరించడం, ఇవేవీ మామూలు కాన్పుకి అవసరం లేదు. బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరిస్తే బిడ్డకి రక్తం బాగా అందుతుంది.

జోక్యం తక్కువ అంటే గమనింపు తక్కువ అని కాదు. నొప్పుల్లో ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే దశలో ప్రతి అయిదు నిమిషాలకోసారి చేతి డాప్లర్‌తో బిడ్డ గుండె వింటాం. మీరు నిలబడి ఉన్నా, బాత్రూంలో ఉన్నా, మేమే వంగి వింటాం. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటే బిడ్డ బాగున్నట్టు.

అది ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. తెనాలి వైపు నుంచి వచ్చిన అమ్మాయి, రెండో కాన్పు. మొదటిది వేరేచోట కోత పెట్టి కన్నది, ఆ కుట్లు మూడు నెలలు బాధించాయట. ఈసారి మంచం ఎక్కనే లేదు. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా నడుము అటూ ఇటూ ఊపుతూ నిలబడింది. వాళ్ల అత్తగారు వెనక నిలబడి నడుము కింద అరచేత్తో గట్టిగా రుద్దుతూనే ఉన్నారు. మధ్యమధ్యలో మజ్జిగ రెండు గుక్కలు పట్టించారు. నేను కింద చాప మీద కూర్చుని గుండె వింటూ ఉన్నాను, అంతే. తల కనిపిస్తున్నప్పుడు "ముక్కొద్దమ్మా, ఊపిరి వదులు, దీపం ఊదినట్టు ఊదు" అన్నాను, వేడినీళ్లలో పిండిన గుడ్డ కింద అదిమి పట్టుకున్నాను. బిడ్డ మెల్లగా జారింది. ఒక్క కుట్టు పడలేదు. అత్తగారు ఏడ్చేశారు. తనకి నలుగురు పిల్లలట, పుట్టేటప్పుడు పక్కన ఒక్కరూ లేరట.

షిఫ్ట్ అయిన అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. మొదటి కాన్పు, ఏడు సెంటీమీటర్ల దాకా చక్కగా వచ్చి నాలుగు గంటలు అక్కడే ఆగింది. నడిపించాం, పక్కకి పడుకోబెట్టాం, మెట్లెక్కించాం. ఉమ్మనీరు పోయినప్పుడు చూస్తే ఆకుపచ్చగా ఉంది, బిడ్డ లోపలే మలం వదిలేసింది. గుండె కూడా 170కి వెళ్లి అక్కడే ఉంది. అప్పుడిక ఆలోచన లేదు. పక్క బిల్డింగే కాబట్టి ఇరవై నిమిషాల్లో థియేటర్‌లో ఉంది. డాక్టరమ్మ ఆ అమ్మాయికి కొత్త మనిషి కాదు, ముందే రెండుసార్లు చూశారు. నేనూ థియేటర్ లోపలికి వెళ్లి చేయి పట్టుకుని తల దగ్గర నిలబడ్డాను. బిడ్డను గుడ్డలో చుట్టి వెంటనే చెంపకి ఆనించాం. మూడో నెలలో టీకాకి వచ్చినప్పుడు "సిజేరియనే అయినా నన్నెవరూ మోసం చేసినట్టు అనిపించలేదక్కా" అంది. ఇలా జరిగితే ఏం చేస్తామన్నది 36వ వారంలోనే కూర్చోబెట్టి చెప్పాం, ఆ మాటకి కారణం అదే.

ఇక మీ దారి. పట్టాభిపురం నుంచి విజయవాడ అంటే ముప్పై అయిదు కిలోమీటర్ల పైమాటే. మొదటి కాన్పు కాబట్టి దారిలో పుట్టేస్తుందన్న భయం పెద్దగా లేదు. కానీ అసలు నొప్పుల్లో కాజ టోల్ దాటి, మంగళగిరి దాటి, వారధి ఎక్కేదాకా కారు సీట్లో కదలకుండా కూర్చోవడం నరకం. విజయవాడలో పిన్నిగారిల్లో మేనత్తగారిల్లో ఉంటే 38వ వారం నుంచి అక్కడ ఉండండి. లేదంటే గుంటూరులోనే ఓపికున్న ఆసుపత్రి వెతకండి, దానికి సిగ్గుపడక్కర్లేదు. బెంగళూరు నుంచి మాత్రం 30, 32 వారాలకల్లా వచ్చేయండి. మిడ్‌వైఫ్ మిమ్మల్ని అయిదారుసార్లయినా చూసి ఉండాలి. ముఖం తెలియని మనిషి చేతిలో ఒళ్లు వదులు కాదు, ఒళ్లు బిగిస్తే నొప్పులు ముందుకి సాగవు.

మే ఆఖరు అంటే రోహిణి కార్తె. ఆ ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే బిడ్డ గుండె వేగం పెరుగుతుంది, మీకు నీరసం వచ్చి నొప్పులు చప్పబడతాయి. కొబ్బరినీళ్లు, మజ్జిగ, జావ నొప్పుల్లో కూడా ఆపొద్దు. గడువు దగ్గర పడగానే ఎవరో ఒకరు ఆముదం తాగమంటారు. తాగకండి. విరేచనాలై నీరసపడటం తప్ప లాభం లేదు. ముహూర్తాల సంగతి కూడా ఇంట్లో ఇప్పుడే తేల్చేసుకోండి. సహజంగా నొప్పులు రావాలని కోరుకుంటూ మంచి నక్షత్రం చూసి డేటు అడిగితే రెండూ పొసగవు. 39 వారాలకి ఈ మాట లేస్తే మీకు వాదించే ఓపిక ఉండదు.

సెంటర్ కుదరకపోతే అంతా పోయినట్టు కాదు. ప్రసవ సమయంలో పక్కన ఒక తోడు ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది, లేబర్ రూములను మెరుగుపరచడానికి 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమంలోనూ ఆ మాట ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కూడా మీరు అడగవచ్చు. ఆసుపత్రి ఏదైనా, అసలు నొప్పులు వచ్చేదాకా ఇంట్లో ఉండటం, తోడు ఉండటం, నచ్చిన భంగిమలో ఉండనివ్వడం, కోత అవసరమైతేనే పెట్టడం, ఈ నాలుగూ ఒప్పుకునే డాక్టర్ దొరికితే మీరు కోరుకున్నదాంట్లో ముప్పాతిక వంతు అక్కడే దొరుకుతుంది.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే, జవాబు సెంటర్ వాళ్లు చెప్పాలి. వచ్చే విజిట్‌కి ఆవిణ్ని వెంట తీసుకెళ్లి, పై ప్రశ్నలన్నీ ఆవిడ చేతే అడిగించండి. ఫ్రిజ్ తలుపు కూడా ఆవిడ చేతే తీయించండి. 28వ వారంలో హీమోగ్లోబిన్ ఎంత వచ్చిందో, షిఫ్ట్‌కి ఏ ఆసుపత్రి పేరు చెప్పారో రాయండి. ఆ రెండూ చూసి మిగతాది చెబుతాను.